బయానా ఇచ్చేముందు: చరకుడి మాటలకు మలంచా వ్యాఖ్యానం

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసిన తెలుగువాళ్లకు రిటైర్మెంట్ కాగితంతో పాటే ఒక లెక్క ఎదురవుతుంది. క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ ఊళ్లోని మలంచాలోనే ఇల్లు కొనుక్కుని ఉండిపోవడమా, శ్రీకాకుళం వైపు సొంతూరు వెళ్లిపోవడమా, విశాఖలోనో హైదరాబాద్‌లోనో పిల్లల దగ్గర చేరడమా? ఇంట్లో వారాల తరబడి ఇదే చర్చ. అందులో రేటు వస్తుంది, రిజిస్ట్రేషన్ వస్తుంది, వాస్తు తప్పకుండా వస్తుంది. అక్కడి గాలి ఏమిటి, నీళ్లు ఏమిటి అన్న ప్రశ్న మాత్రం అడ్వాన్సు ఇచ్చేశాక గుర్తుకొస్తుంది.

చరకసంహిత విమానస్థానంలో మూడో అధ్యాయం జనపదోద్ధ్వంసనీయం. ఎండాకాలం చివర, గంగ ఒడ్డున, కాంపిల్య నగరం దగ్గర ఆత్రేయుడు, శిష్యుడు అగ్నివేశుడు మాట్లాడుకుంటూంటారు. మనుషుల తత్వాలు వేరు, తిండి వేరు, వయసు వేరు, బలం వేరు కదా, మరి ఒకే రోగం ఒకేసారి ఊరంతటినీ ఎలా పట్టుకుంటుందని శిష్యుడి సందేహం. అందరికీ ఉమ్మడివి నాలుగున్నాయి, అవి చెడితే ఊరు చెడుతుందని గురువు జవాబు. ఆ నాలుగూ వాయువు, ఉదకం, దేశం, కాలం. ఈ గ్రంథానికి పేరుమోసిన వ్యాఖ్య రాసిన చక్రపాణిదత్తుడు పదకొండో శతాబ్దపు గౌడదేశీయుడు, అంటే ఈ బెంగాల్ వాడే. ఆ నాలుగు మాటలకూ, అదే అధ్యాయంలో వచ్చే మరో రెండింటికీ ఇల్లు మారబోయేవాళ్ల కోసం రాసిన వ్యాఖ్యానం ఇది.

వాయువు

చెడిన గాలికి ఆత్రేయుడు చెప్పిన గుర్తులు చాలా ఉన్నాయి. పడని వాసన, ఆవిరి, ఇసుక, దుమ్ము, పొగ. వాటితో పాటు మరొకటి చెప్పాడు: బొత్తిగా కదలని గాలి. మలంచాలో ఇల్లు చూసేవాళ్లు మొదట పట్టించుకోవలసింది దీన్నే.

ఊరికి ఉత్తరాన, మేదినీపూర్ వెళ్లే దారిలో గోకుల్‌పూర్ చుట్టుపక్కల ఇనుము ఫ్యాక్టరీలున్నాయి. చలికాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి, అదీ మెల్లగా వీస్తుంది. తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతపెట్టినట్టు నిలుస్తుంది. చిమ్నీ పొగ పైకి పోలేక కిందనే పరుచుకుంటుంది. వేసవిలో గాలి దక్షిణం నుంచి వీస్తుంది. అందుకే మే నెల సాయంత్రం ఇల్లు చూసి 'హాయిగా ఉంది' అనుకున్నవాళ్లు జనవరిలో కిటికీలు బిగించుకుంటారు.

స్పాంజ్ ఐరన్ తయారీలో పొడవాటి తిరుగుడు కొలిమిలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి వేడి చేస్తారు. బయటికొచ్చే దుమ్మును పట్టడానికి ఈఎస్‌పీ అనే యంత్రం ఉంటుంది. అది కరెంటు తింటుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్, ఏ రాష్ట్రంలోనైనా ఈ పరిశ్రమ పక్కన ఉండేవాళ్లు తరచూ చేసే ఫిర్యాదు ఒకటే: రాత్రిపూట దాన్ని ఆపేస్తారని. నిజమో కాదో తేల్చుకోవడానికి రాత్రి పదకొండుకో, తెల్లవారి అయిదుకో ఆ వీధిలో నిలబడి చూడాలి.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. డాబా మీద తెల్ల పింగాణీ పళ్లెం ఒక రాత్రి ఉంచమని ఇంటివాళ్లను అడగండి. పొద్దున దాని మీద పడ్డ నల్లపొడి దగ్గరికి పలుచటి కవర్ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి. పొడి నిక్కబొడుచుకుని అంటుకుంటే అందులో ఇనుము ఉన్నట్టు. అయితే రైలు బ్రేకుల నుంచి రాలే పొడికీ ఆ గుణం ఉంది, ఇక్కడి ఎర్రమట్టికీ కొంత ఉంది. కాబట్టి దొంగ ఎవరో అయస్కాంతం చెప్పదు. ఒక రాత్రికి ఎంత పడుతోందో పళ్లెం చెబుతుంది, అంతే. పైగా పళ్లెంలో పడేది ముతక దుమ్ము. ఊపిరితిత్తుల అడుగుకు చేరే సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, గాలిలోనే తేలుతూ ఉంటుంది. దానికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఫోన్ యాప్ చూపించే అంకె నమ్మేముందు ఆ కొలిచే కేంద్రం ఎక్కడుందో చూడండి. పక్క జిల్లా గాలి మన వీధి గాలి కాదు.

ఉదకం

రంగు, వాసన, రుచి, స్పర్శ మారిన నీరు, నీటి పక్షులు వదిలి వెళ్లిపోయిన నీరు చెడినదని ఆత్రేయుడి మాట. ఈ గుర్తులన్నీ ఇంద్రియాలకు తెలిసేవి. ఇక్కడే వ్యాఖ్యాత ఒక మాట చేర్చక తప్పదు: ఈ కాలపు విషాల్లో చాలావాటికి రంగూ లేదు, రుచీ లేదు.

మలంచాలో బోరు నీళ్లు పట్టి బకెట్‌లో ఉంచితే కాసేపటికి పసుపు తిరిగి, అడుగున ఎర్రటి మడ్డి చేరితే అది ఇనుము. ఆ నీళ్లతో టీ పెడితే నల్లబడుతుంది, తెల్లబట్టలు చెడతాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ దాన్ని వడకట్టి తీసేయవచ్చు. భయం పుట్టించనిది ఆర్సెనిక్. కలరా నుంచి కాపాడాలని చెరువు నీళ్లు మాన్పించి ఊరూరా చేతి పంపులు వేయించారు. ఆ పంపుల నీళ్లే తాగిన పల్లెల నుంచి వచ్చిన రోగుల చర్మం మీది మచ్చల్లో 1983లో కలకత్తా చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా ఆర్సెనిక్ జాడ పట్టుకున్నారు. మాల్దా, ముర్షిదాబాద్, నదియా, 24 పరగణాల జిల్లాల్లో దాని బెడద ఎక్కువ. కొడుకు ఉద్యోగం అటువైపు పడితే లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు గుర్తుపెట్టుకోవాలి.

నల్లగొండలో ఫ్లోరైడ్ కథా ఇంతే. గ్లాసులో తళతళలాడే నీళ్లే ఎముకలను వంచేశాయి. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5. ఇల్లు చూపించే ఏజెంటు జేబులోంచి టీడీఎస్ మీటర్ తీసి 'చూడండి, 180' అంటే ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాల మొత్తమే. అందులో ఆర్సెనిక్ ఉందో లేదో ఆ మీటరుకు తెలియదు. ఫిల్టర్ అమ్మేవాళ్లు గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీళ్లను గోధుమరంగు తిప్పడం మరో తమాషా. ఆ మడ్డి కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. నీళ్ల సంగతి లేబొరేటరీ రిపోర్టులో చూడాలి. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, ఈ-కోలి అని పేరు పేరునా అడిగి పరీక్ష చేయించాలి.

సొంతూరు వెళ్దామనుకునేవాళ్లకు ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లనీ, ఎండలో చెమటోడ్చే పనినీ, నొప్పి మాత్రలనీ, పురుగుమందులనీ వరసగా అనుమానించారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. 2023 డిసెంబర్‌లో హిరమండలం జలాశయం నుంచి పైపుల నీళ్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేదాకా చేయగలిగినవి మూడు: మీ ఊరికి ఆ పైపు నీళ్లు వస్తున్నాయో లేదో కనుక్కోవడం, ఏటా రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవడం, నొప్పి మాత్రలు సొంతంగా మింగకపోవడం.

దేశం

దేశమంటే ఇక్కడ నేల, దాని ఇరుగుపొరుగు. చెడిన నేలకు చెప్పిన గుర్తుల్లో అతి చెమ్మ, దోమలు, ఈగలు, ఎలుకలు ఉన్నాయి. వానలు వెనకబట్టాక డెంగ్యూ ఇంటింటికీ తిరిగే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఈ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు.

బెంగాల్‌లో నేల విషయంలో చూడవలసిన కాగితం ఒకటుంది. అమ్మే స్థలం నిన్నటిదాకా పుకురేమో, అంటే చెరువేమో తెలుసుకోవాలి. పర్చాలో, అంటే భూమి హక్కుల పత్రంలో, ఆ దాగ్ (ప్లాటు) నంబరు ఎదుట 'బాస్తు' (ఇంటి స్థలం) అని ఉందా, 'పుకుర్' అనో 'డోబా' (గుంట) అనో ఉందా చూడండి. ఆ వివరం బాంగ్లార్‌భూమి వెబ్‌సైట్‌లోనూ కనిపిస్తుంది. అయిదు కాఠాలు, అంతకు మించిన నీటి వనరును పూడ్చడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. చట్టం సంగతి అటుంచినా, దేనితో పూడ్చారన్నది అసలు ప్రశ్న. ఫ్యాక్టరీ బూడిదా, స్లాగా, ఆసుపత్రి చెత్తా? నాలుగు వీధుల అవతలి పాతకాపును అడిగితే చెబుతాడు. అమ్మేవాడు చెప్పడు.

ఇరుగుపొరుగు విషయానికి 2009 నాటి ఒక పట్టిక పనికొస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే ప్రమాదకరం. హల్దియాకు 75.43, విశాఖకు 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. మలంచా పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే చోట్లలో ఈ మూడూ ఉన్నాయి. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. రోగానికి మింగే మందు కాలువలో పారుతుంటే, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు అక్కడే తయారవుతాయి.

విశాఖ గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురం మరో పాఠం. అక్కడి రసాయన ఫ్యాక్టరీ 1961 నాటిది. ఊరు తర్వాత పెరిగి దాని గోడ దాకా వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదు. 'ఎన్నేళ్లుగానో ఉంది, ఏమీ కాలేదు' అన్న మాట భరోసా కాదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

కాలం

రుతువు తన లక్షణం తప్పడం కాలం చెడడం. 2024 ఏప్రిల్ 30న మన పక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీలు నమోదైంది. రేకుల కప్పు ఉన్న ఇంటిని, పై అంతస్తు ఫ్లాట్‌ను ఆ రోజును తలచుకుని చూడాలి.

కాలానికి ఇంకో ముఖముంది. విషం పనిచేయడానికి పట్టే సమయం. ఆర్సెనిక్ మచ్చ తేలడానికి ఏళ్లు పడుతుంది. ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చిన మనిషికి జబ్బు ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. ఫ్లోరైడ్ పళ్లకు చేసే చెరుపు చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులోనే జరిగిపోతుంది. అందుకే ఒకే ఇంటికి ఇద్దరికి రెండు జవాబులు రావచ్చు. అరవై దాటిన మనిషి లెక్కలో ముందు వచ్చేది ఈ చలికాలపు పొగ, ఆ వేసవి వడ. కడుపుతో ఉన్న కోడలి లెక్కలో ముందు వచ్చేది బోరు నీళ్లు. ఎవరి కోసం ఇల్లు మారుతున్నారో వాళ్ల వయసుతో తూచాలి.

ప్రజ్ఞాపరాధం

ఈ నాలుగూ ఎందుకు చెడతాయని శిష్యుడు మళ్లీ అడిగితే, మూలం అధర్మం, దానికీ మూలం ప్రజ్ఞాపరాధమని ఆత్రేయుడు అంటాడు. అంటే బుద్ధి దారితప్పి చేసే తప్పు. ఊళ్లను ఏలేవాళ్ల దగ్గరే అది మొదలవుతుందని కూడా అంటాడు.

తెలుసుకునే దారులు మనకు చట్టంలోనే ఉన్నాయి. కాలుష్యాన్ని బట్టి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వంటి తరగతులుగా విడగొట్టారు. స్పాంజ్ ఐరన్ ఎరుపు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఎరుపు తరగతివి నడవకూడదు. భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పరిశ్రమ తన దగ్గర ఏమి ప్రమాదముందో కార్మికులతో పాటు చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలి. పెద్ద పరిశ్రమల పర్యావరణ అనుమతులు, అవి ఆరునెలలకోసారి ఇవ్వాల్సిన నివేదికలు పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. మిగతాదానికి పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు ఉంది. ఇవన్నీ ఉండి కూడా అడగకపోతే ఆ అపరాధంలో కొంత వాటా కొనేవాడిది.

శివజనపద సేవనం

ఊరు చెడినప్పుడు చేయవలసిన వాటిలో క్షేమకరమైన ప్రాంతానికి వెళ్లి ఉండడాన్నీ ఆ అధ్యాయం చేర్చింది. అంటే మకాం మార్చడం కూడా ఒక చికిత్సే. మారిన చోటు పాత చోటుకంటే మెరుగైతేనే.

ఎలా తూచాలన్నదానికీ అక్కడే సూత్రముంది. వాయువు కంటే నీరు, నీటి కంటే దేశం, దేశం కంటే కాలం ఎక్కువ బరువైనవట, తప్పించుకోవడం అంతకంతకూ కష్టం కనుక. సూత్రం ఇప్పటికీ నిలుస్తుంది, వరస మారింది. నీళ్లను ఇప్పుడు పైపులో తెచ్చుకోవచ్చు, శుద్ధి చేసుకోవచ్చు, క్యాన్ కొనుక్కోవచ్చు. ఇంటి చుట్టూ ఉన్న గాలిని మార్చుకోలేం. పూడ్చిన చెరువును, గోడ అవతలి రసాయనాల ట్యాంకును అసలే మార్చలేం. మన భయం మాత్రం కంటికి కనిపించే ఎర్రనీళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఎంత భయంగా ఉందన్నది పక్కనపెట్టి, కొన్నాక దిద్దుకోగలమా లేదా అన్నదే కొలత చేసుకోండి. దిద్దుకోగలిగినదానికి రేటు తగ్గించమని అడగండి. దిద్దుకోలేనిదుంటే, ఎంత చవకగా వచ్చినా, వాస్తు ఎంత బాగా కుదిరినా, ఆ ఇల్లు వదిలేయండి.