ఫలితవాదం: కొల్లేరు చెప్పే పాఠం

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దానివల్ల కలిగే ఫలితాలను బట్టే తేల్చాలనే నీతి సిద్ధాంతం ఫలితవాదం. హక్కు, ఇచ్చిన మాట, నియమం అన్నీ దీని దృష్టిలో ఫలితం తరవాతే.

చర్చ పుట్టుక

భగవద్గీతలోనే ఈ పెనుగులాట ఉంది. బంధునాశనాన్ని తలచుకుని అర్జునుడు విల్లు దించాడు. ఫలంపై ఆసక్తి విడిచి కర్తవ్యం చెయ్యమన్నాడు కృష్ణుడు. అర్జునుడి సందేహాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేమని అమర్త్య సేన్ 2009లో వాదించారు. ఐరోపాలో తత్త్వవేత్తలు బెంథామ్ 1789లో, మిల్ 1861లో అందరి సుఖాన్నీ కొలబద్దగా నిలిపారు. దీనికి అడ్డంగా, మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని కాంట్ 1785లోనే చెప్పాడు. ఆంగ్లంలో ఫలితవాదానికి ఆ పేరు పెట్టింది 1958లో దాన్ని విమర్శించిన ఎలిజబెత్ ఆన్స్‌కోంబ్.

కొల్లేరులో లెక్క

ఈ చర్చ నేల మీద ఎలా సాగుతుందో కొల్లేరు సరస్సు చూపుతుంది. అది కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరద ఇక్కడ ఆగి, ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. లంక గ్రామాల వాళ్లు ఒకప్పుడు తాటిదోనెల మీద వెళ్లి కొర్రమీను, ఇంగిలాయి పట్టేవారు. 1970ల్లో పేదల సహకార సంఘాలకు సరస్సు భూమిలో చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, ఆదాయమూ వచ్చింది. కానీ చాలా చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. చెరువు గట్టుకు ఇవతల శీలావతి, బొచ్చె పెరిగాయి. అవతల దారి దొరకని వరద లంకల్లోకి, పొలాల్లోకి ఎక్కింది.

1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సార్ గుర్తింపు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు పగలగొట్టారు. నీటికి దారి, గూడబాతులకు చోటు దొరికాయి. చెరువుల మీద బతికే కూలీల ఇళ్లలో మాత్రం పొయ్యి వెలగడం కష్టమైంది. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు బలపడింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు.

తేలని ప్రశ్నలు

గట్టు కట్టినవాళ్లూ, కొట్టినవాళ్లూ ఫలితాలనే చూపారు. అంటే ఫలితాలు చూడాలన్న మాట ఒక్కటే సరిపోదు. ఎవరి ఫలితం, ఎన్నేళ్ల ఫలితం, నష్టం ఎవరి మీద పడుతుంది అని అడగాలి. ఈ ఏటి చేపల పట్టుబడి వెంటనే లెక్కకొస్తుంది. పదేళ్లకు ముంచే వరద లెక్కలోకి రాదు. ఒకరి లాభంతో మరొకరి నష్టాన్ని కొట్టివేస్తే మనుషుల మధ్య తేడాయే చెరిగిపోతుందని జాన్ రాల్స్ 1971లో హెచ్చరించారు. గట్టు పోయిన కూలీకి వేరే బతుకుతెరువు చూపడం దయ కాదు, ఆ లెక్కలో భాగమే. అది కలపని కూడిక ఎంత పెద్దదైనా న్యాయం అనిపించుకోదు.