ఇంజనుకో ఎత్తుపీట

బీరువా ఊగుతుంటే కాలి కింద చెక్కముక్క పెడతాం కదా, కారు ఇంజనుకి కూడా అలాంటి ముక్కొకటి అమ్ముతారు అమెరికాలో. దాని పేరు ఇన్‌టేక్ స్పేసర్. అల్యూమినియంతోనో, ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన పలక, మధ్యలో కన్నాలు. ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో ఒక జాయింటు విప్పి, మధ్యలో దీన్ని పెట్టి, కాస్త పొడుగు బోల్టులతో మళ్ళీ బిగించాలి. అంతే! కదిలే భాగం ఒక్కటీ లేదు, వైరు లేదు, ప్రోగ్రాము లేదు. హార్స్‌పవర్ పెరుగుతుందని కొందరు అమ్ముతారు, మైలేజీ పెరుగుతుందని ఇంకొందరు.

ఇది నిజంగా పనిచేస్తుందా అని నన్నడిగితే, ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ కారుకి, ఏ రోగానికి? ఎందుకంటే ఈ ముక్క ఒక్క రోగానికి పుట్టలేదు. మూడు నాలుగు వేరు వేరు రోగాలకి వేరు వేరు కాలాల్లో మందుగా వాడారు. వాటిలో కొన్ని రోగాలు ఎప్పుడో పోయాయి, మందు మాత్రం అంగట్లో మిగిలింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు లెండి. పదిహేనేళ్ళ కిందట ఎవరో ఏదో బగ్గుకి వేసిన అతుకు, ఆ బగ్గు పోయినా కోడులో అలాగే ఉంటుంది. తీసెయ్యాలంటే అందరికీ భయమే.

మొదటి రోగం వేడి. పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలవాలి. కార్బురేటర్ల రోజుల్లో చలికాలం వస్తే ఆ తుంపర్లు ఆవిరి కాకుండా మేనిఫోల్డ్ గోడలకి అంటుకుపోయేవి. అందుకని చాలా ఇంజన్లలో పొగగొట్టంలోకి పోయే వేడి వాయువుని కొంత దారి మళ్ళించి కార్బురేటర్ అడుగు నుంచి పోనిచ్చేవారు. మిషిగన్‌లో జనవరి నెలకి అది వరం. అదే కారు జులైలో అరిజోనా ఎడారిలో ఆపి పది నిమిషాల తరవాత స్టార్ట్ చెయ్యబోతే? కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు మరిగి పొంగి ఇంజనులోకి కారిపోయి ఉంటుంది. ఇక కీచుమనటమే తప్ప అంటుకోదు.

అంబాసిడర్ తిరిగిన రోజులు చూసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఎండాకాలం డ్రైవరు బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టేవాడు. పంపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడితే ఇంజనుకి అందదు, గుడ్డ చల్లబరిస్తే మళ్ళీ అందుతుంది. మనది తడిగుడ్డ వైద్యం. ఇక్కడివాళ్ళు చేసింది, కార్బురేటర్‌కీ మేనిఫోల్డ్‌కీ మధ్య వేడి పాకని పదార్థంతో ఒక దిమ్మ పెట్టటం. ఆ పదార్థం సిద్ధంగానే ఉంది. లియో బేక్‌లాండ్ 1907లో న్యూయార్క్ దగ్గర యాంకర్స్‌లో కనిపెట్టిన బేకలైట్. మన ఇళ్ళల్లో పాత నల్ల స్విచ్చులు దాంతోనే చేసేవారు. ఫినాలిక్ అంటే ఆ కుటుంబమే. ఈ దిమ్మలు బయట అంగడి సరుకు మాత్రమే కాదు, కంపెనీవాళ్ళే ఎన్నో కార్లకి ఫ్యాక్టరీలో బిగించి పంపారు. పందెపు కుర్రాళ్ళు ప్లైవుడ్ ముక్కలు కూడా కోసి పెట్టుకునేవారు. చెక్కముక్క అన్నది నా పోలిక మాత్రమే కాదన్నమాట.

పందెం మాటొచ్చింది కాబట్టి రెండో రోగం. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో వీ8 ఇంజను తెచ్చాడు, 65 హార్స్‌పవర్. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కుర్రాళ్ళు పాత ఫోర్డులు కొని, బరువు తగ్గించి, ఎండిపోయిన సరస్సుల మీద పరిగెత్తించేవారు. అద్దంలా చదునైన నేల, కిలోమీటర్ల కొద్దీ అడ్డు లేదు. వాటిలో పేరుపడ్డ మ్యూరాక్ తరవాత సైన్యం చేతికెళ్ళింది, ఇవాళ అది ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్. కుర్రాళ్ళ క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఆ గుంపులోవాడే విక్ ఎడెల్‌బ్రాక్, కాన్సస్ నుంచి వచ్చి ఇక్కడ గరాజ్ పెట్టుకున్న మెకానిక్. 1938లో తన 1932 ఫోర్డ్ కోసం స్లింగ్‌షాట్ అనే మేనిఫోల్డ్ తనే రూపొందించి పోతపోయించుకున్నాడు. చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. ఆయన పేరుతో నడిచే కంపెనీ పుట్టుక అది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చేతిలో పనితనం, జేబులో కాస్త డబ్బు ఉండటంతో ఈ పిచ్చి దేశమంతా పాకింది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక మొదటి సంచిక వచ్చింది.

మేనిఫోల్డ్ పోతపొయ్యాలంటే అచ్చు కావాలి, ఫౌండ్రీ కావాలి, డబ్బు కావాలి. స్పేసర్‌కి ఒక పలకా, రంపమూ, డ్రిల్లూ చాలు. కార్బురేటర్ కింద గాలి తిరిగే గది కాస్త పెద్దదైతే ఏమవుతుంది? నాలుగు కన్నాలు విడిగా ఉంచితే ఏమవుతుంది, మొత్తం ఒకటే పెద్ద కన్నంగా తెరిస్తే ఏమవుతుంది? పెట్టి చూడు, నచ్చకపోతే తీసెయ్యి. ఇంట్లో చేసుకునే ప్రయోగానికి ఇంతకన్నా చవకైన పరికరం దొరకదు. నా దృష్టిలో స్పేసర్ అసలు గొప్పతనం ఇదే. అది శక్తినిచ్చిందో లేదో గానీ, ప్రశ్న అడిగే అవకాశం ఇచ్చింది.

ఆ ప్రశ్నని అన్నిటికన్నా పెద్దగా అడిగింది డెట్రాయిట్‌లో. క్రైస్లర్ కంపెనీలో కొందరు యువ ఇంజనీర్లు రామ్‌చార్జర్స్ అని క్లబ్బు పెట్టుకుని, డ్యూటీ అయ్యాక ఒక 1949 ప్లిమత్ పట్టుకున్నారు. దాని మేనిఫోల్డ్ గొట్టాలు ఎంత పొడుగంటే కార్బురేటర్లు బానెట్ పైన ఆకాశంలో కూర్చున్నాయి. పేరు కూడా తగినట్టే, 'హై అండ్ మైటీ'. 1959లో పందేలకి తీసుకెళ్ళారు.

గొట్టం పొడుగెందుకు? గోళీ సోడా సీసా మూతి మీద ఊదితే కూత వస్తుంది, సీసా మారితే కూత మారుతుంది. ఇంజను గొట్టంలో గాలి కూడా అంతే. వాల్వు టప్పున మూసుకోగానే, పరిగెత్తుకొస్తున్న గాలి గుద్దుకుని వెనక్కి ఒక అలగా పోతుంది, అటు చివర తగిలి తిరిగొస్తుంది. సరిగ్గా వాల్వు మళ్ళీ తెరుచుకునే వేళకి ఆ అల వచ్చిందా, సిలిండర్లోకి నాలుగు గుక్కలు గాలి ఎక్కువ తోస్తుంది. పొడుగు గొట్టమైతే తక్కువ వేగంలో ఈ లెక్క కుదురుతుంది, పొట్టిదైతే ఎక్కువ వేగంలో.

1960లో క్రైస్లర్ ఈ సూత్రాన్ని షోరూముకే తెచ్చింది. 300ఎఫ్ అనే కారులో 30 అంగుళాల గొట్టాలు, కుడిపక్క సిలిండర్లకి ఎడమవైపు కార్బురేటర్, ఎడమపక్క వాటికి కుడివైపుది. 375 హార్స్‌పవర్. అదే గొట్టాల లోపలి గోడని సగం దాకా తీసేసి లెక్కకి 15 అంగుళాలు చేసిన రకం 400 హార్స్‌పవర్ ఇచ్చింది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి!

ఇప్పుడు మన అరంగుళం ముక్క సంగతి ఆలోచించండి. 15 అంగుళాల గొట్టానికి అరంగుళం కలిపితే మూడు శాతం తేడా. 4800 ఆర్‌పీఎం దగ్గరున్న టార్క్ శిఖరం మహా అయితే 150 జరుగుతుంది. సీటు మీద కూర్చున్న మనిషికి తెలియదు. తెలిసిందనేవాడు కొత్తగా డబ్బు ఖర్చుపెట్టినవాడై ఉంటాడు.

1973 చమురు సంక్షోభం తరవాత మైలేజీ యంత్రాల తిరనాళ్ళ మొదలైంది. ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకి పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గ ఆదా ఇచ్చేదేదీ కనపడలేదని తేల్చింది. 1990ల మొదటికి ఇక్కడి కొత్త కార్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది. పెట్రోలుని నేరుగా వాల్వు దగ్గరే కొడుతుంది ఇంజెక్టర్. అయినా సరే, మర చుట్లు చెక్కిన థ్రాటిల్ బాడీ స్పేసర్లు వచ్చాయి. గాలిని సుడి తిప్పి పెట్రోలుని బాగా కలుపుతాయట. ఆ సుడి తిరిగే చోట పెట్రోలే లేదు కదా నాయనా, దేన్ని కలుపుతావు?

వేడి వాదన కూడా అలాగే పలచబడింది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సాంద్రత మూడు శాతం తగ్గే మాట నిజమే. కానీ 3.5 లీటర్ల ఇంజను 6000 ఆర్‌పీఎంలో సెకనుకి సుమారు 175 లీటర్ల గాలి పీలుస్తుంది. అంత హడావిడిలో పోయే గాలికి గోడల వేడి పట్టేంత తీరికెక్కడ? ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడైతే కొంత పడుతుంది, అప్పుడు మనకి శక్తితో పని లేదు.

మరైతే అంతా బూటకమేనా అంటే, కాదు. నిస్సాన్ 350జెడ్ (ఇక్కడివాళ్ళు 'జీ' అంటారు) 2003 మోడల్‌గా వచ్చింది, 287 హార్స్‌పవర్ వీ6. కారు సొగసు కోసం బానెట్ ముందుకి బాగా వాలి ఉంటుంది. దాని కింద ఇమడాలి కాబట్టి ప్లీనమ్, అంటే గొట్టాలన్నిటికీ గాలి పంచే గది, దాని పైమూత కూడా ముందుకి వాలిపోయింది. ముందున్న రెండు సిలిండర్ల దగ్గర పైకప్పు మరీ దిగిపోయి గాలికి ఇరుకైంది. ఇది ఊహించుకున్న రోగం కాదు, మూత విప్పి చూస్తే కంటికే కనిపిస్తుంది. చిన్న కంపెనీలు 5/16 అంగుళం, అరంగుళం మందాల్లో స్పేసర్లు చేశాయి. గదికి ఎత్తుపీట వేస్తే ముందు సిలిండర్లకి ఊపిరాడింది.

బిగించటం కష్టమేం కాదు, జాగ్రత్తే కావాలి. ఇంజను చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, అడ్డంగా ఉన్న స్ట్రట్ బార్ విప్పి, ట్యూబులకి చీటీలు అంటించి ఊడదీసి, పైమూత ఎత్తాలి. ఎత్తిన మరుక్షణం కింద కన్నాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కాలి. ఒక వాషర్ లోపల పడిందంటే శనివారం కాదు, నెలంతా పోతుంది. అంటుకునే తలాలు తుడిచి, గాస్కెట్ సరిగా కూర్చోబెట్టి, బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. అల్యూమినియం మరలు మన కండబలానికి తట్టుకోవు. తరవాత పీ0171, పీ0174 కోడ్లు వస్తే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం. మందం ఎక్కువైతే స్ట్రట్ బార్‌తో తగువు సరేసరి.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకి ఇంకో తగువుంది. ఇక్కడ గాలి బోర్డు 1967 నుంచీ ఉంది. ఇన్‌టేక్ దారిలో పెట్టే ముక్కకి ఆ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేకపోతే రోడ్డు మీద వాడటం చట్టవిరుద్ధం, స్మాగ్ తనిఖీలో బానెట్ ఎత్తి చూస్తారు కూడా. ఎండిన సరస్సుల మీద ఈ ఆట మొదలైన రాష్ట్రమే దీనికి అన్నిటికన్నా గట్టి కళ్ళెం వేసింది. లాస్ ఏంజెలెస్ పొగమంచు గురించి చదివినవాణ్ణి గనక నేను దాన్ని తప్పు పట్టలేను. అలాగని కుర్రాళ్ళ చేతిలో రెంచి లాక్కోవటమూ నాకిష్టం లేదు. వారంటీ విషయంలో మాత్రం 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కొంత మన పక్షం. బయటి ముక్క పెట్టినంత మాత్రాన వారంటీ రద్దనటానికి వీల్లేదు, ఆ ముక్క వల్లే చెడిందని వాళ్ళు చూపించాలి.

2007 మోడల్‌కి నిస్సాన్ ఇంజనే మార్చింది. రెండు థ్రాటిల్ బాడీలు, 306 హార్స్‌పవర్, దాని ఎత్తుకి సరిపడా బానెట్ మీద ఒక ఉబ్బు. అంటే కంపెనీయే చివరికి పైకప్పు లేపింది. అంతకుముందు కారు సెకండ్ హాండ్‌లో కొనబోతుంటే, బానెట్ ఎత్తి ప్లీనమ్ జాయింటు దగ్గర చూడండి. అదనంగా ఒక మందపాటి గీత కనిపిస్తే మీకన్నా ముందు ఎవరో లోపలికి వెళ్ళొచ్చారన్నమాట. నంబరు అడగండి, బోల్టులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి.