బెంగుళూరు చలువ - కన్నడిగుల చెలిమి

బెంగుళూరికి కాపురం మారుస్తున్నామని చెప్పగానే మన ఊళ్ళలోని పెద్దలు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఒకటి, అది చల్లని ఊరు, ఎండబాధ ఉండదు. రెండు, అక్కడ అందరికీ తెలుగు వస్తుంది, భాషతో ఇబ్బంది లేదు. రెండు మాటలలోనూ నిజం ఉన్నది. కాని రెండూ పాత లెక్కలు. వాటినే నమ్ముకొని వచ్చినవారు మొదటి ఏప్రిల్ నెలలో ఒకసారి, ఏదో ఒక కార్యాలయంలో కన్నడంలో బదులు చెప్పవలసి వచ్చినప్పుడు మరొకసారి తెల్లబోతున్నారు. మన కృష్ణరాజపురం ప్రాంతంలో ఏటేటా కొత్త కుటుంబాలు దిగుతున్నవి. వారికి ఉపయోగపడగలదని ఈ రెండు విషయాల పూర్వాపరాలు ఇక్కడ వ్రాస్తున్నాను.

బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది. ఈ ఊరి చల్లదనానికి ముఖ్యకారణం ఆ ఎత్తే. ఈ చల్లదనమే ఊరి చరిత్రను కూడా నడిపించింది. 1537లో కెంపేగౌడ కోట కట్టించి, పేటలు వేయించినప్పుడు ఇది ఒక వర్తకస్థలం. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత ఇంగ్లీషువారి పటాలం కొంతకాలం అక్కడనే ఉన్నది. అక్కడి జ్వరాలకు తాళలేక, మంచి గాలి గల చోటు వెతికి, 1809లో హలసూరు దగ్గరకు దండు మార్చుకున్నారు. అదే కంటోన్మెంటు. మదరాసు పటాలంలోని తమిళ, తెలుగు సిపాయిలు, వారిని ఆశ్రయించిన వర్తకులు, పనివారు ఆ దండు వెంబడి వచ్చినారు. 1864లో జోలార్‌పేటనుంచి కంటోన్మెంటు వరకు మదరాసు రైల్వేవారు బండి నడిపించినారు. నేడు మన కృష్ణరాజపురం స్టేషను ఉన్నది ఆ దారిమీదనే. దారి పడిన తరువాత వలసకు అడ్డు లేకపోయింది.

చల్లని ఊరు గనుక ఆరోగ్యం దానంతట అదే ఉంటుందని అనుకోరాదు. 1898లో ప్లేగు వచ్చి ఇరుకైన పాతపేటలను అతలాకుతలం చేసింది. వెడల్పు వీధులతో మల్లేశ్వరం, బసవనగుడి వెలసినది ఆ తరువాతనే. గాలి మంచిదైనా ఇల్లు, నీరు, మురుగు చూచుకోవలసినది మనమేనని ఆనాడే తెలిసివచ్చింది.

ఇక నేటి వాతావరణం. మన కోస్తా జిల్లాలలో రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. ఇక్కడ అలా కాదు. మార్చి, ఏప్రిల్ నెలలే అసలైన ఎండాకాలం. ఏప్రిల్ చివరనుంచి మామిడి జల్లులు మొదలై, రోహిణి కార్తె వచ్చేసరికి సాయంకాలాలు ఉరుములతో చల్లబడతాయి. కనుక వడియాలు, అప్పడాలు పెట్టుకోదలచిన గృహిణులు మే నెల దాకా ఆగకూడదు. ఉక్కపోత లేదు గాని ఎండే లేదని మాత్రం అనరాదు. 2016 ఏప్రిల్ 24న ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైనది. 1884 జనవరిలో 7.8 డిగ్రీలకు పడిపోయిన ఊరు ఇదే. నేడు అంత చలి లేకున్నా, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ముసలివారికి, పసిపిల్లలకు ఉన్నిబట్ట తప్పదు. విజయవాడ, రాజమండ్రి వైపునుంచి వచ్చేవారి పెట్టెలలో సాధారణంగా లేని వస్తువు అదే. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి ఇక్కడి చలిగాలి, పుప్పొడి, రోడ్ల దుమ్ము పడకపోవచ్చు. అటువంటివారు కాపురం మార్చేముందు వైద్యుని సలహా తీసుకోవడం మేలు.

వర్షం సంవత్సరానికి సుమారు 1000 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. మిగతా నెలలకంటె సెప్టెంబరు, అక్టోబరులలో ఎక్కువగా కురుస్తుంది. ఆ నీరు పోయే దారి తెలుసుకోకుండా ఇల్లు తీసుకోరాదు. బెంగుళూరుకు పెద్దనది లేదు. పూర్వపు పాలకులు, గ్రామపెద్దలు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించి, పైచెరువు నిండితే కిందిచెరువుకు నీరు దిగే ఏర్పాటు చేసినారు. మన ఎల్లమల్లప్ప శెట్టి చెరువు ఒక తమలపాకుల వర్తకుని పేరు మోస్తున్నది. ఊళ్ళోని వెంగయ్యన కెరె పేరు వినగానే మన పక్కింటి పెద్దాయన గుర్తుకు వస్తాడు. చెరువుల నడుమ కాలువలు పూడిపోయిన చోట్ల నీరు ఇళ్ళలోనికి వస్తుంది. 2022 సెప్టెంబరులో మహదేవపుర, బెళ్ళందూరు, మారతహళ్ళి వైపు పడవలమీద మనుషులను తరలించవలసి వచ్చింది. కనుక ఇల్లు చూచేటప్పుడు గోడల రంగు కంటె ముందు, ఆ స్థలం పాత చెరువుగర్భమా, కాలువగట్టా అని ఊరివారిని అడగవలెను.

వానకాలపు సంగతి అది. వేసవిలో బాధ నీళ్ళు లేకపోవడం. కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరంనుంచి, ఎత్తుకు తోడబడి వస్తుంది. మొదటి దశ నీరు 1974లో వచ్చింది. మన కృష్ణరాజపురం వంటి శివారు పురసభలు, 110 గ్రామాలు 2007లో మహానగరంలో కలిసినా, ఆ గ్రామాలకు కావేరి అయిదవ దశ ప్రారంభమైనది 2024 అక్టోబరులోనే. అదే సంవత్సరం వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్లకోసం కాచుకొన్న సంగతి ఎవరూ మరువలేదు. అద్దె ఎంత అని అడిగే నోటితోనే నీరు కావేరిదా, బోరుదా, ట్యాంకరుదా అని కూడా అడగవలెను.

వాతావరణం సంగతి ఇంతవరకు చాలును. మనుషుల సంగతి దీనికంటె ముఖ్యమైనది.

తెలుగువారు ఈ నేలకు నిన్న మొన్న వచ్చినవారు కారు. బెంగుళూరును నిర్మించిన కెంపేగౌడ గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం రచించినట్లు చెబుతారు. చింతామణి దగ్గరి కైవారంలో గాజులమ్ముకొని జీవించి యోగి అయిన తాతయ్యగారు తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పినారు. 1951 జనాభా లెక్కలలో కోలారు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు సగానికి పైగా ఉన్నారు. అయినప్పటికి 1956 పునర్విభజనలో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. అక్కడివారు ఇంట తెలుగు, బయట కన్నడం మాట్లాడుతూ సుఖంగానే ఉన్నారు. మన చుట్టుపట్ల పాత గ్రామాలలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నవి. 2011 లెక్కల ప్రకారం నగరంలో నూటికి సుమారు 14 మంది మాతృభాష తెలుగు.

ఈ రాకపోకలు ఒకవైపువే కావు. కన్నడ ఆదికవి పంప మహాకవి తన భారతాన్ని వ్రాసినది నేటి తెలంగాణలోని వేములవాడ చాళుక్యుల కొలువులో. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ వైపు కుర్క్యాల గుట్టమీద చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నవి. మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో అచ్చువేయించినారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి సమాధికి మందిరం కట్టించినారు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల తరబడి తెలుగు బోధించినారు. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం అగ్రహారం పేరు ఇంటిపేరుగా గల విశ్వేశ్వరయ్యగారు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. ఆయనను కన్నడిగులు పరాయివాడని ఏనాడూ అనుకోలేదు. కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్ 1954లో కాళహస్తి మహాత్మ్యంలో కన్నప్పగా మన తెలుగు తెరమీద కూడా కనిపించినారు.

మరి ఇంత చెలిమి ఉండగా అప్పుడప్పుడు భాషమీద గొడవలు ఎందుకు వస్తున్నవి? దీనికి సమాధానం కంటోన్మెంటు చరిత్రలోనే ఉన్నది. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగి ఇచ్చినప్పటికి, కంటోన్మెంటు మాత్రం ఇంగ్లీషువారి చేతిలోనే ఉన్నది. ఒకే ఊరు రెండు ఊళ్ళయినది. పేటలో కన్నడం నడిచింది; దండులో ఇంగ్లీషు, తమిళం, తెలుగు, ఉర్దూ నడిచినవి. 1949లో రెండు పురపాలనలు ఒకటైనవి. అటుపైన 1940లో స్థాపితమైన విమానాల కర్మాగారం, 1948లో మన పక్కనే దూరవాణినగరంలో వచ్చిన టెలిఫోన్ల కర్మాగారం, తరువాతి కాలంలో వైట్‌ఫీల్డు కంప్యూటరు కంపెనీలు దేశం నలుమూలలనుంచి మనుషులను రప్పించినవి. ఇవాళ నగరంలో కన్నడం మాతృభాషగా గలవారు సగానికి తక్కువ. తన రాజధానిలోనే తన భాషకు చోటు వెతుక్కోవలసి రావడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. 1982లో గోకాక్ సమితి నివేదిక అమలుకోసం జరిగిన ఆందోళన వెనుక ఉన్నది ఈ కష్టమే. 1953కు ముందు మదరాసు రాష్ట్రంలో మన భాషకోసం, మన రాష్ట్రంకోసం ఎంత తపించినామో మనకు తెలియనిది కాదు. ఆ తపన ఎరిగిన జాతి పొరుగువాని తపనను ముందుగా గ్రహించవలెను.

మనకు వచ్చే చిక్కు ఏమిటంటే, ఇక్కడ తెలుగు చెల్లుతుంది. కూరగాయల అంగడిలో, ఆటోలో, ఇంటి యజమాని దగ్గర మనం తెలుగులో అడిగితే వారు తెలుగులోనే చెబుతారు. ఆ సౌకర్యంవల్ల ఇరవై ఏళ్ళున్నా కన్నడం రానివారు మనలో కనిపిస్తారు. ఉత్తరాదినుంచి వచ్చినవారికి ఇది రెండేళ్ళ శ్రమ. మనకు రెండు నెలల పని. లిపి చాలవరకు ఒకటే; రెండూ పాత కదంబ లిపి సంతానం. మన ‘ప’ అనేకచోట్ల వారికి ‘హ’ అయిందని గుర్తుంచుకుంటే సగం మాటలు తెలిసిపోతాయి: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి, పండు హణ్ణు. వారి ‘ఊట’ భోజనం, ‘తిండి’ ఉదయపు ఫలహారం. మర్యాద విషయంలో ఒక జాగ్రత్త. కన్నడంలో ‘నీను’ ఏకవచనం, ‘నీవు’ మన ‘మీరు’తో సమానం. పెద్దలను ‘బా’ అనకూడదు, ‘బన్ని’ అనవలెను. తప్పులు దొర్లినా ఎవరూ నవ్వరు. ప్రయత్నించినందుకు సంతోషించి, కొందరు తామే తెలుగులోనికి మారతారు. అప్పుడు కూడా మనం కన్నడంలోనే కొనసాగించడం మంచిది.

పిల్లల విషయం మరీ ముఖ్యం. 2015 నాటి చట్టం ప్రకారం ఇక్కడి పాఠశాలల్లో కన్నడం తప్పనిసరి. దీనిని భారంగా భావించనక్కరలేదు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరాలు కొద్ది రోజులలో పట్టుబడతాయి. కాని ఆ కొద్ది రోజుల పని బడి చేయదు. అది ఇంటివారు, మన సంఘాలు చేయవలసినది. కన్నడంవల్ల మన పిల్లల తెలుగు పోవడం లేదు. ఇంట్లో మనం ఇంగ్లీషులో మాట్లాడడంవల్ల పోతున్నది.

ఆదరణ అందరికీ ఒకే తీరుగా దొరకడం లేదన్న సంగతి కూడా చెప్పుకోవలెను. ఇల్లు వెతికేటప్పుడు కులమేమిటి, మాంసం తింటారా అని అడిగేవారు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఈ విషయంలో కన్నడిగులకు మన యజమానులు ఏమీ తీసిపోలేదు. అడిగించుకున్నప్పుడు నొచ్చుకొని, తరువాత తాము ఇల్లు కట్టుకొని అదే ప్రశ్న అడిగేవారిని చూస్తున్నాము. మరొక సంగతి. వైట్‌ఫీల్డు మేడలలో ఉన్న తెలుగువారు కొందరైతే, అటువంటి మేడలకు ఇటుకలు మోసిన తెలుగువారు మరికొందరు. పాలమూరునుంచి, రాయలసీమనుంచి పనులకు వచ్చి, రేకుల షెడ్లలో ఉండి, ఒక కట్టడం పూర్తికాగానే మరొక చోటికి పోయేవారు వారు. ఏప్రిల్ ఎండ, అక్టోబరు వాన, జనవరి చలి వారికి తెలిసినట్లు మనకు తెలియవు. వారి పిల్లలకు కన్నడ బడిలో ప్రవేశం కూడా సులభంగా దొరకదు. ఊరు మారినప్పుడల్లా చదువు తెగిపోతుంది. కన్నడిగులు మనలను ఆదరిస్తున్నారా అని అడిగే ముందు, ఈ మన సోదరులను మనం మన ఉగాది పందిరిలోనికి పిలిచినామా అని అడుగుకోవలెను.

ఉగాది పండుగ మనకూ కన్నడిగులకూ ఒక్కనాడే. మనం ఆరు రుచుల పచ్చడి చేసుకుంటే, వారు బేవు-బెల్ల, అంటే వేపపువ్వు, బెల్లం పంచుకుంటారు. మన బొబ్బట్టు వారి ఇంట ఒబ్బట్టు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఈ పండుగనాడు పక్కింటి కన్నడ కుటుంబానికి ఒక గిన్నెడు పచ్చడి పంపవచ్చును. దగ్గరలో ఏదైనా కట్టడం జరుగుచుంటే అక్కడి షెడ్లకు కూడా ఒక గిన్నె పంపవచ్చును. మన సంఘం ఈ సంవత్సరం పిల్లలకు తెలుగు తరగతి, పెద్దలకు కన్నడ తరగతి రెండూ పెడితే బాగుంటుందని, షెడ్లలోని పిల్లలను కూడా వాటిలో చేర్చుకోవలెనని సభ్యులకు మనవి చేస్తున్నాను. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.