ఒక్క కుర్చీ.. ఇద్దరు హోస్టులు.. కోట్ల డాలర్ల నష్టం! లేట్ నైట్ షోల్లో అమెరికా ఛానెళ్లు మళ్లీ మళ్లీ చేసిన తప్పు ఇదే

2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రోజు స్టేజీ మీద హోస్ట్ ఎవరో గుర్తుందా? జిమ్మీ కిమ్మెల్. 2025లో అదే వేదిక మీద నుంచి హిందీలోనూ పలకరించి మనవాళ్ల ఫోన్లలో వైరల్ అయిన హోస్ట్ కోనన్ ఓబ్రయన్. ఇద్దరూ అమెరికాలో అర్ధరాత్రి వచ్చే టాక్ షోలతో పేరు తెచ్చుకున్నవాళ్లే. అయితే ఇదే కోనన్‌ను 2010లో ఓ పెద్ద ఛానెల్ ఎనిమిది నెలలు కూడా నిండకుండానే షో నుంచి బయటకు పంపింది. అలా పంపడానికి సుమారు 4.5 కోట్ల డాలర్లు ఎదురు కట్టింది కూడా. డబ్బులిచ్చి మరీ పరువు పోగొట్టుకున్న ఆ కథేంటో చూద్దాం..

అసలు లేట్ నైట్ షో అంటే ఏంటి?

అమెరికా తూర్పు తీరం టైమ్ ప్రకారం రాత్రి 11 గంటలకు లోకల్ న్యూస్ వస్తుంది. అది అవగానే 11.35కి టాక్ షో మొదలవుతుంది. ముందు హోస్ట్ నిలబడి ఆ రోజు వార్తల మీద జోకులు వేస్తాడు. తర్వాత డెస్క్ వెనక కూర్చుని సినిమా స్టార్లతో కబుర్లు చెప్తాడు. పక్కనే బ్యాండ్ ఉంటుంది. మన దగ్గర యూట్యూబ్‌లో కనిపించే జిమ్మీ ఫాలన్, కిమ్మెల్ క్లిప్పులన్నీ ఇలాంటి షోల ముక్కలే.

డ్రామా సిరీస్‌తో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. వారానికి ఐదు రాత్రులు, ఏడాది పొడవునా నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైంది అలవాటు. జనం నిద్రపోయే ముందు అదే మొహం చూడాలనుకుంటారు. అందుకే హోస్ట్‌ను మార్చడమంటే ప్రోగ్రామ్‌ను మార్చడం కాదు, జనం అలవాటును కదపడం. ఛానెళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

మొదటి దెబ్బ 1957లోనే..

ఎన్‌బీసీ ఛానెల్ 'టునైట్' షోను 1954లో స్టీవ్ అలెన్‌తో మొదలుపెట్టింది. 1957 జనవరిలో ఆయన వెళ్లిపోయాక, ఒక్క హోస్ట్ మీద ఆధారపడటం ఎందుకు అనుకుంది. రకరకాల ఊళ్ల నుంచి జర్నలిస్టులు మాట్లాడే మ్యాగజైన్ తరహా ప్రోగ్రామ్ పెట్టింది. అది అట్టర్ ఫ్లాప్. ఆరు నెలలు తిరిగేసరికి దాన్ని ఎత్తేసి జాక్ పార్‌ను తెచ్చింది. ఈ టైమ్ స్లాట్ నిలబడేది ఒక మనిషి మీదే అని అప్పుడే తేలిపోయింది.

1962 అక్టోబర్ 1న జానీ కార్సన్ వచ్చాడు. 1992 మే 22 దాకా దాదాపు 30 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు. అసలు సమస్య కార్సన్ తర్వాత ఎవరు అన్న ప్రశ్నతోనే మొదలైంది.

జోన్ రివర్స్‌కు మూసుకుపోయిన తలుపు

కార్సన్ సెలవు పెట్టినప్పుడల్లా షో నడిపేందుకు 1983లో జోన్ రివర్స్‌ను పర్మనెంట్ గెస్ట్ హోస్ట్‌గా పెట్టుకున్నారు. జనంలో ఆమెకు మంచి పేరొచ్చింది. కానీ కార్సన్ వారసుల కోసం ఛానెల్ రాసుకున్న లిస్టులో తన పేరే లేదని తెలిసిందని ఆమె తర్వాత చెప్పింది. 1986లో కొత్తగా వచ్చిన ఫాక్స్ నెట్‌వర్క్ సొంత షో ఇస్తామంటే అక్కడికి వెళ్లింది. ఆ తర్వాత కార్సన్ ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

ఫాక్స్ కూడా ఎక్కువ రోజులు ఆగలేదు. 1987 మేలో ఆమెను తీసేసింది. ఇటు 'టునైట్ షో'లోకి ఆమె మళ్లీ అడుగుపెట్టింది 2014లో, ఫాలన్ వచ్చాకే. అదే ఏడాది సెప్టెంబర్‌లో కన్నుమూసింది.

లెటర్‌మన్‌ను వదులుకున్నారు

1982 నుంచి కార్సన్ తర్వాత స్లాట్‌లో, అంటే రాత్రి 12.30కి డేవిడ్ లెటర్‌మన్ షో వచ్చేది. తర్వాత పెద్ద కుర్చీ ఆయనదే అని చాలామంది అనుకున్నారు. కార్సన్‌కూ ఆయనంటేనే ఇష్టం. కానీ 1991లో ఎన్‌బీసీ అప్పటి గెస్ట్ హోస్ట్ జే లెనో పేరు ప్రకటించింది. 1992 మే 25న లెనో షో మొదలైంది.

లెటర్‌మన్‌కు పక్క ఛానెళ్ల నుంచి ఆఫర్లు వచ్చాయి. దాంతో ఎన్‌బీసీకి కంగారు పట్టుకుంది. 1993 జనవరిలో మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లి, 'టునైట్ షో' నీకే ఇస్తాం, కాకపోతే లెనో కాంట్రాక్ట్ అయ్యేదాకా ఆగాలి అంది. ఈ గుసగుసలు లెనో చెవిన పడ్డాయి. బాసుల కాన్ఫరెన్స్ కాల్ జరుగుతుంటే పక్కన ఓ చిన్న గదిలో దాక్కుని మొత్తం విన్నాడట! జర్నలిస్ట్ బిల్ కార్టర్ 1994లో రాసిన 'ది లేట్ షిఫ్ట్' పుస్తకంలో ఈ సంగతి ఉంది. దాన్ని తర్వాత హెచ్‌బీవో సినిమాగా కూడా తీసింది.

చివరికి లెటర్‌మన్ సీబీఎస్‌కు వెళ్లిపోయాడు. 1993 ఆగస్టు 30న అక్కడ షో మొదలుపెట్టి దాదాపు రెండేళ్లు లెనోను వెనక్కి నెట్టాడు. 1995 జులైలో నటుడు హ్యూ గ్రాంట్ ఇంటర్వ్యూ తర్వాతే లెనో పుంజుకున్నాడు. దశాబ్దాలుగా తనకు పోటీయే లేని టైమ్‌లో ఎన్‌బీసీ చేజేతులా ఓ పెద్ద ప్రత్యర్థిని తయారుచేసుకున్నట్టయింది.

గొడవ వద్దనుకుంటే.. ఇంకా పెద్ద గొడవ

లెటర్‌మన్ వదిలిన 12.30 స్లాట్‌లోకి 1993లో వచ్చిన కుర్రాడే కోనన్ ఓబ్రయన్. అప్పటిదాకా ఆయన 'ది సింప్సన్స్' లాంటి షోలకు రైటర్. జనానికి పెద్దగా తెలియని మొహం. మెల్లమెల్లగా కుర్రకారు ఫాలోయింగ్ సంపాదించాడు. వేరే ఛానెళ్లు ఆయన మీద కన్నేశాయి.

లెటర్‌మన్ విషయంలో జరిగింది మళ్లీ జరగకూడదనుకుంది ఎన్‌బీసీ. 2004 సెప్టెంబర్‌లో.. ఐదేళ్ల తర్వాత, అంటే 2009లో 'టునైట్ షో' కోనన్‌కు ఇస్తామని ప్రకటించింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఐదేళ్ల తర్వాత ఎవరి షో ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? 2009 వచ్చేసరికి లెనో ఇంకా నంబర్ వన్‌గానే ఉన్నాడు. ఆయన పక్క ఛానెల్‌కు వెళ్తే లెటర్‌మన్ కథ రిపీట్ అవుతుందని భయం.

దాంతో ఓ ఉపాయం ఆలోచించారు. 2009 జూన్ 1న కోనన్ 11.35కి వచ్చాడు. సెప్టెంబర్ 14 నుంచి లెనోకు రాత్రి 10 గంటలకే, వారానికి ఐదు రోజులు వేరే షో ఇచ్చారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమిడిపోతాయని ఛానెల్ లెక్క వేసుకుంది.

లోకల్ స్టేషన్లు ఎందుకు తిరగబడ్డాయి?

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. అమెరికాలో ఎన్‌బీసీ లాంటి నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌లను ఊరూరా ఉన్న లోకల్ స్టేషన్లు ప్రసారం చేస్తాయి. వాటికి డబ్బులు తెచ్చేది ముఖ్యంగా 11 గంటల న్యూస్. 10 గంటలకు వచ్చే డ్రామా చూసినవాళ్లు టీవీ కట్టేయకుండా ఉంటే ఆ న్యూస్‌కు వ్యూయర్లు దొరుకుతారు.

లెనో 10 గంటల షో నిలబడలేదు. జనం వేరే ఛానెళ్లలో డ్రామాలకు వెళ్లిపోయారు. దాంతో లోకల్ న్యూస్ రేటింగ్ పడింది. న్యూస్ తర్వాత వచ్చే కోనన్ షో కూడా దెబ్బతిని లెటర్‌మన్ కంటే వెనకబడింది. ఇలా అవుతుందనే బోస్టన్‌లోని ఓ స్టేషన్ ముందే లెనో షో వెయ్యనని మొండికేసింది. నెట్‌వర్క్ బెదిరించాకే దారికొచ్చింది. ఆ ఏడాది చివరికి మిగతా స్టేషన్లూ గొంతు పెంచాయి.

2010 జనవరి.. ఆ రెండు వారాలు

ఎన్‌బీసీ మళ్లీ మధ్యే మార్గం వెతికింది. లెనోకు 11.35కి అరగంట షో. కోనన్ 'టునైట్ షో' 12.05కి జరగాలి. అంటే తేదీ మారాక వచ్చే 'టునైట్' అన్నమాట!

జనవరి 12న కోనన్ బహిరంగ ప్రకటన ఇచ్చాడు. షోను వెనక్కి నెడితే దాని చరిత్రే పాడవుతుందని, అందులో తాను భాగం కానని చెప్పేశాడు. సోషల్ మీడియాలో ఆయనకు మద్దతుగా పోస్టర్లు వెల్లువెత్తాయి. స్టూడియో బయట వానలోనూ అభిమానులు ర్యాలీ చేశారు. కిమ్మెల్ అయితే ఏకంగా లెనో వేషం వేసుకుని తన షో మొత్తం చేశాడు. రెండు రోజుల తర్వాత లెనో షోలోనే గెస్ట్‌గా కనిపించి, ఆయన మొహం మీదే సెటైర్లు వేశాడు.

జనవరి 22న కోనన్ ఆఖరి ఎపిసోడ్ ప్రసారమైంది. సెటిల్‌మెంట్ సుమారు 4.5 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 1.2 కోట్లు ఆయన స్టాఫ్‌కు. ఈ లెక్క వెనక మనుషులున్నారు. కోనన్‌ను నమ్మి ఎంతోమంది న్యూయార్క్‌లో ఇళ్లు ఖాళీ చేసి, పిల్లల స్కూళ్లు మార్పించి లాస్ ఏంజెలెస్ వచ్చారు. ఏడాది తిరగకముందే రోడ్డున పడ్డారు. సంతకం పెట్టే ముందు కోనన్ పట్టుబట్టింది వాళ్ల పరిహారం కోసమే. వెళ్తూ వెళ్తూ కూడా ఆయన ఛానెల్‌ను తిట్టలేదు. నిరాశలో మునిగిపోవద్దని కుర్ర ప్రేక్షకులకు చెప్పి వెళ్లాడు.

మార్చి 1న లెనో పాత కుర్చీకి తిరిగొచ్చాడు. కానీ అవతలివాడి షో లాక్కున్నాడన్న మచ్చ పోలేదు. కోనన్ నవంబర్‌లో టీబీఎస్ అనే కేబుల్ ఛానెల్‌కు వెళ్లి 2021 దాకా అక్కడే షో చేశాడు. ఎన్‌బీసీకి మాత్రం కొత్త హోస్టూ మిగల్లేదు, 10 గంటల స్లాటూ నిలబడలేదు.

మిగతా ఛానెళ్లేం తక్కువ తిన్నాయా?

1993లో ఫాక్స్ సినిమా స్టార్ చెవీ చేజ్‌తో హడావుడిగా షో పెట్టి ఐదు వారాలకే ఎత్తేసింది. స్టార్ అయినంత మాత్రాన రోజూ రాత్రి జనంతో కబుర్లు చెప్పడం రాదని అర్థమైంది.

'ది డైలీ షో'ది ఇంకో రకం తప్పు. 2022 డిసెంబర్‌లో ట్రెవర్ నోవా వెళ్లిపోయాక కామెడీ సెంట్రల్ ఏడాది పాటు గెస్ట్ హోస్టులతోనే నెట్టుకొచ్చింది. భారతీయ మూలాలున్న హసన్ మిన్హాజ్ పేరు గట్టిగా వినిపించింది. ఇంతలో ఆయన స్టేజీ మీద సొంత అనుభవాలుగా చెప్పిన కొన్ని కథల్లో కల్పన ఉందంటూ 2023 సెప్టెంబర్‌లో 'న్యూయార్కర్' కథనం వచ్చింది. ఆ ఛాన్స్ చేజారింది. చివరికి 2015లో వెళ్లిపోయిన జాన్ స్టివార్ట్‌నే 2024 ఫిబ్రవరిలో పిలిచి, వారానికి ఒక్క సోమవారం మాత్రం కూర్చోబెట్టారు.

మరి సరిగ్గా జరిగిన సందర్భాలు లేవా?

ఉన్నాయి. 2014లో లెనో వెళ్లాక ఎన్‌బీసీ ఆయనకు మరో రాత్రి షో ఇవ్వలేదు. ఫిబ్రవరి 17న జిమ్మీ ఫాలన్ వచ్చాడు, అంతే. 2015 మే 20న లెటర్‌మన్ రిటైరయ్యాడు. సెప్టెంబర్ 8న స్టీఫెన్ కోల్బేర్ మొదలుపెట్టాడు. రెండుచోట్లా పాత హోస్ట్ పూర్తిగా తప్పుకున్నాడు. కొత్త హోస్ట్‌కు కుదురుకునే టైమ్ దొరికింది. కోల్బేర్ మొదట్లో తడబడినా తర్వాత రేటింగ్స్‌లో టాప్‌కు చేరాడు. కోనన్‌కు దొరకనిది సరిగ్గా ఆ టైమే.

ఇప్పుడు కుర్చీయే ఉండట్లేదు!

2025 జులైలో సీబీఎస్ ఇంకో అడుగు ముందుకేసింది. కోల్బేర్ 'లేట్ షో'ను 2026 మేలో ముగిస్తామని, ఆయన స్థానంలో ఎవర్నీ పెట్టబోమని ప్రకటించింది. ఇది పూర్తిగా ఆర్థిక నిర్ణయమేనంది. అయితే మాతృసంస్థ పారామౌంట్ ట్రంప్‌తో 1.6 కోట్ల డాలర్లకు కేసు రాజీ చేసుకోవడం, దాన్ని కోల్బేర్ షోలో ఎండగట్టడం, కొద్ది రోజులకే ఈ ప్రకటన రావడంతో అనుమానాలు లేచాయి.

అనుమానాల సంగతి ఎలా ఉన్నా, ప్రేక్షకుడు మారిపోయాడన్నది నిజం. 11.35 దాకా మేలుకుని ఉండాల్సిన పని లేదు. పొద్దున లేచి ఫోన్‌లో నాలుగు నిమిషాల క్లిప్ చూస్తే చాలు. యాడ్స్ డబ్బులూ అటే వెళ్తున్నాయి. ఇన్నేళ్లూ ఛానెళ్లు వారసుడు ఎవరా అని కొట్టుకున్నాయి. ఇప్పుడు వారసుడిని వెతికే కష్టం కూడా వద్దనుకుంటున్నాయి. 2010లో టీవీ నుంచి గెంటేసిన కోనన్ మాత్రం పాడ్‌కాస్ట్‌తో కొత్త శ్రోతల్ని సంపాదించుకుని, ఆస్కార్ వేదిక దాకా వెళ్లాడు. జనం అలవాటు పడింది మనిషికే తప్ప ఛానెల్ నంబర్‌కు కాదని ఇంతకంటే ఎవరు చెప్పాలి?