పెకింగు పొగడ్తయు శ్రీకాకుళపు మన్నెమును

పరరాజ్యమున తన పలుకుబడిని నాటదలచిన రాజు మొదట ఎవరిని వెదకవలెనో కౌటిల్యుడు అర్థశాస్త్రమున వివరించెను. క్రుద్ధులు, లుబ్ధులు, భీతులు, అభిమానవంతులు అను నాలుగు తెగలవారు పరులకు సులభముగా వశులగుదురని ఆతని మతము. ఇందు మొదటి తెగ మిక్కిలి విచారింపదగినది. లుబ్ధుని ధనమిచ్చి కొనవలెను. క్రుద్ధుని కొననక్కఱలేదు, అతని కోపమును మెచ్చుకొనిన చాలును. 1967 మొదలు కొన్నియేండ్లు చైనా ప్రభుత్వము మన శ్రీకాకుళపు మన్నెము యెడ నడపిన రాజనీతి దీనికి నిదర్శనము.

మన్నెపు కోపమును పెకింగు పుట్టింపలేదు. ఈ మాట ముందుగా చెప్పవలెను. సవరలును జాతాపులును పోడుకొట్టి బాగుచేసికొన్న భూములు అప్పుల నెపమున మైదానపు షావుకార్లకు చేరుచుండెను. గిరిజనభూమి అన్యాక్రాంతము కాకుండ 1917లోనే చట్టము పుట్టెను. 1959లో మఱియొకటి వచ్చెను. చట్టములు కాగితముపై నుండెను. భూములు షావుకార్ల చేతిలో నుండెను. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఉపాధ్యాయు లిరువురు గిరిజనులను సంఘముగా కూర్చి, కూలి హెచ్చింపుడనియు, వెట్టి మాన్పుడనియు, పోడుహక్కు నిండనియు అడిగించిరి. 1967 అక్టోబరు 31వ తేదీని లేవిడి యొద్ద, మహాసభకు పోవుచున్న కోరన్న, మంగన్న అను గిరిజనులను భూస్వాముల పక్షమువారు కాల్చి చంపిరి. మఱుసటియేట నిందితులు న్యాయస్థానమున విడుదలైరి. కొండలలో తుపాకులు లేచినది ఆ పిమ్మటనే.

ఇక చైనా పక్షము చూతము. 1962 యుద్ధము తరువాత మన ప్రభుత్వముతో దానికి సఖ్యము లేదు. సాంస్కృతికవిప్లవకాలమున అన్యదేశములందలి సాయుధోద్యమములను బహిరంగముగా ప్రోత్సహించుట దాని విధానమయ్యెను. 1967 మే నెలలో వంగదేశపు నక్సల్బరీలో రైతులు తిరుగబడగా, జూలై 5వ తేదీని పెకింగునందలి 'పీపుల్స్ డెయిలీ' పత్రిక దానిని భారతదేశముపై వసంతమేఘగర్జనమని కీర్తించెను. పిదప శ్రీకాకుళమునకును ఆ కీర్తి దక్కెను. తమ కొండల పేరు దూరదేశపు రేడియోలో వినబడుట, నలువైపుల పోలీసులు క్రమ్ముచున్నవారికి ఎంత ధైర్యము నిచ్చియుండునో ఊహింపవచ్చును. చైనా అధ్యక్షుడే మా అధ్యక్షుడను నినాదము చారుమజుందారు పక్షమున వ్యాపించెను. వర్గశత్రునిర్మూలనమను పేర షావుకార్ల వధ సాగెను. తరిమెల నాగిరెడ్డి మొదలగు ఆంధ్రనాయకులు ఆ మార్గమును సమ్మతింపక వేరుగా నిలిచిరి.

1970వ సంవత్సరపు తేదీలను వరుసగా నుంచి చదువవలెను. మే 1న పెకింగులో మావో మన రాయబారకార్యాలయమును నిర్వహించుచున్న బ్రజేశ్ మిశ్రాతో చేయి కలిపి, చిరునవ్వుతో ఉభయదేశములకును మైత్రి కుదురవలెనని సూచించెను. జూలై 10న సత్యనారాయణయు కైలాసమును మన్నెములో పోలీసు తుపాకులకు కూలిరి. ఎదురుకాల్పులని ప్రభుత్వము చెప్పెను. పట్టి చంపిరని సహచరులు చెప్పిరి. అక్టోబరులో, రహస్యముగా పెకింగు చేరిన సౌరేన్ బోసుతో చౌ ఎన్ లై, ఒక దేశపు అధ్యక్షుని మఱియొక దేశపు పార్టీ తన అధ్యక్షుడనుకొనుట తగదనియు, వ్యక్తివధమార్గము సరికాదనియు పలికెను. హితవు మంచిదే, కాని దానిని వినవలసినవారు అప్పటికే నేలకొరిగిరి. ఆ హితవునైనను చారుమజుందారు అనుచరులకు తెలుపలేదు. 1972లో చెరలోనున్న ఆరుగురు నాయకులు దానిని లేఖామూలమున బయటపెట్టిరి. చౌదరి తేజేశ్వరరావు, కొల్లా వెంకయ్య వారిలోనివారు.

ఈ మార్పునకు కారణము దయయు కాదు, పశ్చాత్తాపమును కాదు. 1969లో రష్యాతో సరిహద్దున పోరు సంభవింపగా చైనాకు ఇతర ప్రభుత్వముల చెలిమి కావలసివచ్చెను. 1971లో సింహళమున యువకులు తిరుగబడినప్పుడు చౌ ఎన్ లై ప్రధాని సిరిమావో బండారనాయకకే బాసటగా నిలిచెను. తూర్పుబంగాళపు సంక్షోభమున చైనా యాహ్యాఖాను పక్షము వహించెను. 1976లో భారత చైనాలు మరల రాయబారులను నియమించుకొనెను. రేడియో క్రమముగా మౌనము వహించెను.

దీనిని చైనాకు మాత్రమే గల దోషమనుట న్యాయము కాదు. ప్రబలరాజ్యములన్నియు పరుల కోపమును తమ పనికి వాడుకొనినవే. నేడు జూబిలీహిల్సు చెంత ఫిలింనగరమున అరణ్యవిప్లవకథలు చలనచిత్రములగుచున్నవి. తెరపై వీరమరణమును చూపుట సులభము. పొగడిన గొంతు మెల్లగా మూగవోవుటను చూపుట కష్టము. ఆ పని చరిత్రకారునిది.

మన కర్తవ్యమేమి? 1970 ఫిబ్రవరి 3వ తేదీనుండి అమలైన నిబంధన, ఏజెన్సీలో గిరిజనేతరుల నడుమ సైతము భూమి చేతులు మారరాదని శాసించినది. అట్టి కట్టుబాటు 1917 చట్టము నాటినుండియు నిజముగా నడచియున్నచో, కొండవారికి పరాయి రేడియో పొగడ్త అంత తీయగా నుండెడిది కాదు. పరదేశపు పలుకుబడిని అడ్డుటకు సరిహద్దున సైనికుడు వలయును. మన్నెములో నిజాయితీగల తహసీలుదారును వలయును. మొదటివానిని ఎన్నడును మఱవము. రెండవవానిని మాత్రము తుపాకి ప్రేలిన తరువాతనే తలచుకొందుము.