దొంగసొత్తు దొరికితే దెబ్బలు న్యాయమవుతాయా?

కలాఅ్ తెగవారి సొత్తు దొంగతనానికి గురైంది. వారు కొందరు నేతపనివారిని అనుమానించి, హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) ఎదుటికి తెచ్చారు. ఆయన అనుమానితులను కొద్ది రోజులు నిర్బంధించి వదిలివేశారు. కొట్టకుండానే ఎలా వదిలారని ఫిర్యాదుదారులు నిలదీశారు. కావాలంటే కొడతాను, సొత్తు బయటపడితే సరి, లేకుంటే వారి వీపుపై పడినన్ని దెబ్బలు మీ వీపులపై పడతాయన్నారాయన. ఇది అల్లాహ్, ఆయన ప్రవక్త (స) తీర్పేనని కూడా స్పష్టం చేశారు. ఈ ఉదంతాన్ని పొందుపరచిన ఇమామ్ అబూ దావూద్, ఆ మాట కేవలం బెదిరింపేనని వివరించారు. దర్యాప్తు కోసం నిర్బంధం ఉంది, దెబ్బ లేదు.

అయితే ఆచరణ వేరుగా సాగింది. హి.శ. 182 (క్రీ.శ. 798)లో మరణించిన ఖాజీ అబూ యూసుఫ్, ఖలీఫా హారూన్ రషీద్ కోసం రచించిన ‘కితాబుల్ ఖరాజ్’లో కేవలం నిందమోపినంత మాత్రాన ఎవరినీ చెరలో వేయరాదనీ, కొట్టి రాబట్టిన నేరాంగీకారం చెల్లదనీ వ్రాశారు. సంకెళ్ళతో భిక్షమెత్తే ఖైదీలను గురించి కూడా ఆయన ప్రస్తావించారు. అంతటి ఖాజీ ఇంత గట్టిగా వ్రాయవలసి వచ్చిందంటేనే ఆనాటి చెరసాలల స్థితి ఊహించవచ్చు.

అసలు చిక్కు మరొకటి. దెబ్బలు తిన్నవాడు నిజంగానే సొత్తు చూపిస్తే? హనఫీ న్యాయవేత్త హసన్ బిన్ జియాద్ (మరణం హి.శ. 204) దొంగను కొట్టవచ్చని ఒకసారి ఫత్వా ఇచ్చి, వెంటనే పశ్చాత్తాపపడి, ఆపుదామని అమీరు సభకు పరుగెత్తారట. అప్పటికే నిందితుడు ఒప్పుకున్నాడు, సొత్తూ వచ్చేసింది. న్యాయాన్ని ఇంతగా పోలిన అన్యాయాన్ని తాను చూడలేదన్నారాయన. ఇమామ్ సరఖ్సీ ‘మబ్సూత్’లో ఉన్న ఈ కథనానికి మించిన విమర్శ నాకు కనబడదు.

హి.శ. 450లో మరణించిన మావర్దీ వేరే దారి వెదికారు. ఖాజీకి లేని వెసులుబాటు అమీరుకు ఇచ్చారు: అనుమానం బలంగా ఉంటే నిజం చెప్పించేందుకు కొట్టవచ్చు, ఒప్పుకుంటే దెబ్బలు ఆపి మళ్ళీ అడగాలి, రెండవసారి చెప్పినదే చెల్లుతుంది. కానీ అదే కర్ర ఎదుట ఉండగా ఆ రెండవ మాట స్వేచ్ఛగా వస్తుందా?

మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారాన్ని త్రోసిపుచ్చింది. కాని నిర్బంధంలోని నిందితుని మాటవల్ల సొత్తు వంటిది బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాటను అనుమతించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది.