వైకింగుల మెళ్ళో తిరుచ్చి గొలుసు

"వైకింగ్ నిట్" అని గూగులించి చూడండి. వెండి తీగతో పాములా మెలికలు తిరిగే గుండ్రటి గొలుసు ఎలా అల్లాలో చెప్పే వీడియోలు కుప్పలు తెప్పలుగా కనబడతాయి. తీగ, కర్రముక్క, చిల్లుల చెక్క అన్నీ కలిపి పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఈపాటికి కొనే ఉంటారు.

ఇప్పుడు అదే గొలుసు గురించి పురావస్తు శాస్త్రజ్ఞులు రాసినవి తిరగేయండి. అక్కడ దాని పేరు "ట్రిచినోపొలీ". అవునండీ, కావేరి ఒడ్డున ఉన్న మన తిరుచిరాపల్లే! ఎక్కడో ఐర్లండులోనో స్వీడన్‌లోనో మట్టిలోంచి తవ్వి తీసిన వెండి గొలుసుకి తిరుచ్చి పేరేమిటి?

జవాబు చాలా మామూలుది. 1801లో తిరుచ్చి కంపెనీ వాళ్ళ చేతికి పోయింది. అక్కడ కాపురం పెట్టిన దొరలు ఇంటికెళ్ళేటప్పుడు రెండు పట్టుకెళ్ళేవాళ్ళు. ఒకటి చుట్టలు. ఇవి ఎంత పేరు పడ్డాయంటే, 1887లో వచ్చిన మొట్టమొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో హంతకుడు కాల్చింది ట్రిచినోపొలీ చుట్టేనని హోమ్స్ బూడిద చూసి కనిపెట్టేస్తాడు. రెండోది సన్నటి తీగతో అల్లిన వెండి, బంగారు గొలుసులు. అక్కడి కంసాలులు చేసినవి. వాటిని విక్టోరియా కాలపు ఆడవాళ్ళు మెళ్ళో వేసుకుని తిరిగేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళ దేశాల్లో తవ్వకాలు ఊపందుకున్నాయి. వెయ్యేళ్ళనాటి గొలుసులు బయటపడితే, "ఇదేదో మన ట్రిచినోపొలీ గొలుసులా ఉందే" అనుకున్నారు. ఆ పేరే పెట్టేశారు. కోడ్ రాసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఎవడో చేతికొచ్చిన వేరియబుల్ పేరు తాత్కాలికంగా పెట్టేసి పోతాడు, పదేళ్ళయినా దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు.

పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు పని చూద్దాం. నాకు అసలు నచ్చింది అదే.

గొలుసు అనగానే మనకి ఒక కొలికిలో ఇంకో కొలికి తట్టుతుంది. ఆ పద్ధతి మహా పాతది. ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజసమాధుల్లో (1922-34 మధ్య లియొనార్డ్ వూలీ తవ్వించినవి) దొరికిన గొలుసులకి ఇప్పుడు సుమారు 4500 ఏళ్ళు. చిన్న చిన్న రింగులు చేసి, ప్రతిదానికీ ముందే టంకం పెట్టి మూసేసి, కోలగా సాగదీసి, మధ్యకి వంచి, ఒకదాని చెవుల్లోంచి ఇంకోదాన్ని దూర్చుకుంటూ పోవాలి. అంటే లింక్డ్ లిస్ట్ అన్నమాట. ఒక్క టంకం వదిలితే చాలు, మిగతాదంతా మీ చేతికి రాదు.

ట్రిచినోపొలీ పని అలా కాదు. ఇందులో టంకమే లేదు. తీగతో పువ్వు రేకుల్లా ఐదారు ఉచ్చులు వేసి ఒక కడ్డీ కొసకి తొడుగుతారు. తర్వాత తీగ కొసని పై ఉచ్చు మెడ వెనకనుంచి దూర్చి లాగి కొత్త ఉచ్చు వేస్తారు. పక్కదానికి అలాగే. కడ్డీ చుట్టూ తిరుగుతూ తిరుగుతూ కిందకి దిగుతుంటే బోలుగా ఉండే గొట్టం తయారవుతుంది. ప్రతి కుట్టులోనూ తీగ మొత్తాన్నీ కొసదాకా లాగాల్సిందే కాబట్టి బారల కొద్దీ తీగ పెట్టుకుని కూర్చుంటే కుదరదు. చిన్న ముక్కలతోనే పని. ముక్క అయిపోతే కొత్తదాని మొదలు లోపలికి దోపి మళ్ళీ మొదలు. లాభం ఏమిటంటే, ఒకచోట తెగినా స్వెట్టర్‌లా బరబరా ఊడిపోదు.

అల్లిక అయ్యాక చూస్తే వంకర టింకరగా, ఎవరికీ చూపించబుద్ధి కానట్టు ఉంటుంది. మాయంతా ఆఖర్న. ఒక చెక్కకి పెద్ద నుంచి చిన్న దాకా వరసగా చిల్లులు ఉంటాయి. గొట్టాన్ని ఒక్కో చిల్లులోంచీ లాగుతూ పోతే ఉచ్చులన్నీ సర్దుకుని, గొలుసు సన్నబడి, పొడుగు సాగి, చేతిలో నీళ్ళలా జారుతుంది.

వెండి తీగ తియ్యడం కూడా ఇలాంటి పనే. మన కంసాలుల దగ్గర కమ్మెచ్చు ఉంటుంది, చిల్లుల ఇనప పలక. వెండి కడ్డీని సాగగొట్టి, కొస సన్నం చేసి, ఆ చిల్లుల్లోంచి లాగుతారు. లాగేకొద్దీ వెండి బిగుసుకుపోతుంది, ఇంకా లాగితే పుటుక్కుమంటుంది. అందుకని మధ్యమధ్యలో కుంపట్లో పెట్టి మందంగా ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరచాలి. 961 డిగ్రీలు దాటితే వెండి కరిగిపోతుంది. థర్మామీటర్ లేదు, రంగు చూసే కన్నే థర్మామీటర్. పూర్వం చాలాచోట్ల కమ్మెచ్చు లేకుండానే, సన్నటి రేకుని మెలితిప్పి దొర్లించి తీగ చేసేవాళ్ళు. అలాంటి తీగని భూతద్దంలో చూస్తే మెలికల గీత కనబడుతుంది. కమ్మెచ్చులో లాగినదానికి నిలువు గీతలుంటాయి. చేసినవాడి పేరు పోయినా చేతి గుర్తు పోలేదు.

ఇక "వైకింగ్" అన్న మాటకొద్దాం. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ట్రివిడిల్ అనే చోట 1774లో తగరం తవ్వేవాళ్ళకి వెండి నిధి ఒకటి దొరికింది. నాణేలని బట్టి అది సుమారు 868లో పాతిపెట్టినది. అందులో ఈ అల్లికతోనే చేసిన వెండి కొరడా ఉంది. క్రైస్తవ సన్యాసులు తమని తాము కొట్టుకునే రకంది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఐర్లండులో 1850లో దొరికిన తారా బ్రోచ్‌కి వేలాడే వెండి గొలుసూ ఈ పనే. అది 8వ శతాబ్దం మొదట్లోది, అంటే వైకింగుల పడవలు ఇంకా అటు రాకముందుది. 1980లో డెరినాఫ్లాన్‌లో దొరికిన పూజ పళ్ళెం అంచుకీ ఇదే అల్లిక. అంటే "వైకింగ్ నిట్" అన్న పేరు కూడా ఓ రకంగా అతికించినదే!

మరి తిరుచ్చి నుంచి అక్కడికి వెళ్ళిందా? ఈ ప్రశ్న వెయ్యగానే మనవాళ్ళలో కొందరికి ఒళ్ళు పులకరిస్తుంది. స్వీడన్‌లోని హెల్గో దీవిలో 1956లో ఉత్తర భారతం వైపు నుంచి వెళ్ళిన చిన్న కంచు బుద్ధుడు దొరికిన మాట నిజం. వైకింగుల వెండిలో చాలాభాగం అరబ్బు దిర్హములు కరిగించినదన్నదీ నిజం. కానీ వస్తువు వెళ్ళిందని పని కూడా వెళ్ళినట్టు కాదు. తిరుచ్చి పేరు 19వ శతాబ్దపు పోలిక, అంతే. తీగ, కడ్డీ ఇస్తే ఎక్కడివాడైనా ఈ అల్లిక కనిపెట్టగలడు. తిరుచ్చిని తెలుగు మాట్లాడే మధుర నాయకులు ఏలారు, రాణి మంగమ్మ అక్కడినుంచే రాజ్యం చేసింది. అంతమాత్రాన ఆ కంసాలులు మనవాళ్ళేనని గంతులెయ్యక్కర్లేదు.

కానీ పేరు పోవడం మాత్రం నాకు చిన్న విషయంగా అనిపించదు. తిరుచ్చి కంసాలుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ ఊరి పేరొక్కటే, అదీ పొరపాటున, ప్రపంచపు పుస్తకాల్లోకి ఎక్కింది. హాబీ దుకాణాల్లో ఇప్పుడు అదీ కనబడదు. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మితే ఇప్పుడు చట్టం అడుగుతుంది. ఆ చట్టం చేసిందే 1999లో, అమల్లోకి వచ్చింది 2003లో. తిరుచ్చి గొలుసులు ఓడలెక్కిన రోజుల్లో అలాంటిదేమీ లేదు.